పీయూషపరీక్ష

అమరసింహుడు తన నిఘంటువునందు పీయూషశబ్దమును రెండుచోట్ల చెప్పియున్నాడు. స్వర్గవర్గమునందది దేవతలు త్రాగు అమృతము. వైశ్యవర్గమునందది అప్పుడే యీనిన పశువుయొక్క క్రొత్తపాలు. చిన్ననాడు గురువుగారి యెదుట కూర్చుండి మేమా పంక్తులు వల్లెవేసినప్పుడు రెండర్థములును నోట పలికినవే గాని, ఒకదానికొకటి చుట్టమని యెవ్వరును చెప్పియుండలేదు. ఆ రెండవ యర్థమునే మన యింటి యాడువారు ముర్రుపాలందురు. పసుపువన్నె గలిగి, చిక్కగా, జిగురుగా నుండి, ఆవిరి తగిలినతోడనే గడ్డకట్టు నా పాలలో బెల్లమును మిరియపుపొడియు చేర్చి జున్ను వండుకొందురు, ఇరుగుపొరుగువారికి పంచిపెట్టుదురు.

ఆ పాలు ఎవరికొఱకు పుట్టినవను ప్రశ్న మనకు తఱచుగా తోచదు. మఱియొకవైపున, మనుష్యశిశువు పుట్టినప్పుడు తల్లికి వచ్చు మొదటిపాలు చెడుపాలని పిండి పారబోయు నాచారము మన కుటుంబములలో నింకను పూర్తిగ నంతరింపలేదు. దూడ పాలను మనము తినుచున్నాము. బిడ్డ పాలను నేలపాలు చేయుచున్నాము. ఈ రెండుపనులును ఎట్టివో మాకు స్పష్టముగ బోధపఱచినది గుఱ్ఱపుపిల్లకు జరుపు నొక చిన్న రక్తపరీక్ష. మా చదువరులలో గుఱ్ఱములు గలవారు మిక్కిలి కొలదిమంది యని యెఱుగుదుము. అయినను ఈ సంగతి విన్నచో పశువులకొట్టమునకును పురిటిగదికిని పనికివచ్చు విషయ మొకటి చిక్కునని మా నమ్మకము.

గోడిగ, అనగా ఆడుగుఱ్ఱము, ఇంచుమించు 11 నెలలు గర్భము మోయును. ఆ కాలమంతయు పిల్లకు ఆహారమును ప్రాణవాయువును మాయద్వారా అందుచునేయుండును. కాని తల్లి రక్తములో రోగములతో పోరాడు ప్రతిరక్షకములు మాత్రము ఆ మాయను దాటి రాలేవు. గుఱ్ఱమునందు తల్లి రక్తమునకును పిల్ల రక్తమునకును నడుమ ఆఱు పొరల గోడ యున్నది. మనుష్యజాతియందా గోడ పలుచన. గర్భముయొక్క చివరిమాసములలో తల్లి ప్రతిరక్షకములు బిడ్డకు ధారాళముగ చేరును. ఆవు, గేదె, మేక, గొఱ్ఱె, పంది యివియన్నియు ఈ విషయమున గుఱ్ఱముతోడివే. కావున గుఱ్ఱపుపిల్ల నేలపై బడిన క్షణమున దాని రక్తములో ప్రతిరక్షకములు ఇంచుమించు శూన్యము. కర్ణునివలె కవచముతో పుట్టు భాగ్యము దానికి లేదు. పేడయు, తడిగడ్డియు, ఈగలును గల లోకమునకది వట్టి యొంటితో వచ్చుచున్నది. కవచము తల్లి పొదుగులో సిద్ధముగ నున్నది. ఈనుటకు ముందు కొన్ని వారములలో గోడిగ తన రక్తమునందలి ప్రతిరక్షకములను కూడదీసి పొదుగున నిలువచేయును. ఆ నిలువయే ముర్రుపాలు.

ఇక రెండవ విశేషము. పెద్దజంతువు మాంసకృత్తులను తిన్నచో కడుపు వానిని ముక్కలుచేసి జీర్ణించుకొనును. అప్పుడే పుట్టిన పిల్లయొక్క చిన్నప్రేవులలోని కణములు అట్లు చేయక, ప్రతిరక్షకములను యథాతథముగ మ్రింగి రక్తములోనికి పంపును. ఈ ద్వారము మొదటి ఆఱెనిమిది గంటలలో బాగుగ తెఱచియుండి, పిమ్మట క్రమముగ మూసికొనుచు, 24 గంటలు నిండునప్పటికి మూతపడును. ఆమీద నవే పాలను కడవలతో పోసినను అవి కడుపునకు ఆహారమగును గాని రక్తమునకు కవచము కావు. పిల్ల తన ప్రతిరక్షకములను తాను చేసికొన నారంభించును గాని, చాలినంత సమకూర్చుకొనుటకు నెలలు పట్టును. అంతవఱకును తల్లి మొదటిదినమున నిచ్చిన మూలధనమును తఱుగబెట్టుకొనుచు బ్రదుకవలసినదే.

ఈ సంగతి యెట్లు తెలిసెనను కథలో మనకు పరిచయమైన వస్తువులు రెండున్నవి. ఒకటి గురివింద గింజ. రెండవది ఆముదపు గింజ. జర్మనీదేశీయుడగు పాల్ ఎర్లిక్ అను శాస్త్రజ్ఞుడు ఈ గింజలలోని విషములను చుంచెలుకలకు మిక్కిలి స్వల్పమాత్రలతో నిచ్చి, మాత్రను క్రమముగ పెంచుచు, వాని నా విషములకు లొంగనివానిగా చేసెను. అట్టి తల్లులకు పుట్టిన పిల్లలకును కొంతకాల మా శక్తి యుండెను. అది పుట్టుకతో వచ్చినదా, పాలతో వచ్చినదా? దానిని తేల్చుటకాతడు పిల్లలను మార్చివేసెను. విషమునకు లొంగని తల్లి పిల్లలను మామూలు తల్లివద్దను, మామూలు తల్లి పిల్లలను విషమునకు లొంగని తల్లివద్దను పెంచెను. మామూలు తల్లికి పుట్టినను రక్షణగల దాది పాలు త్రాగిన పిల్లలకు రక్షణ గలిగెను. 1892 లో నాతడు ప్రకటించిన యీ ఫలితముతో తల్లిపాలు వట్టి యాహారమే కాదని ఋజువైనది. 1922 లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ అను నిరువురు కొన్ని దూడలకు ముర్రుపాలు త్రాగించియు, కొన్నిటికి మానిపించియు చూచిరి. త్రాగినవి నిలిచినవి. త్రాగనివానిలో నధికభాగము కొలదిదినములలోనే చచ్చినవి.

ఇందొక చిత్రమున్నది. 1890 లో బేరింగు, కిటసాటో అనువారు ఒక జంతువు రక్తరసముతో మఱియొక జంతువును కాపాడవచ్చునని చూపిన పిమ్మట, 1894 మొదలు గుఱ్ఱముల రక్తరసము కంఠసర్పి యను గొంతువ్యాధి సోకిన మనుష్యశిశువుల నెందఱనో బ్రదికించినది. నేటికిని మన దేశమున పాముకాటునకిచ్చు మందు గుఱ్ఱపు రక్తమునుండియే తీయబడుచున్నది. ఇతరుల బిడ్డలకిన్నివిధముల రక్షణ నీయగల జంతువు తన బిడ్డకు మాత్రము ఒక్కదినములో, ఒక్క మార్గమున, పాలతోనే యీయవలసియున్నది.

రెండేండ్ల క్రిందట మాఘమాసమున పుణె ప్రాంతమునకు పోవలసిన పని మాకు తటస్థించెను. అచ్చట నొక అశ్వశాలలో మా పూర్వశిష్యుడొకడు పశువైద్యుడుగ నున్నాడు. బడిలో నుండగా శబ్దరూపములు వల్లించుటయన్న అతనికి తలనొప్పి. కాని విఱిగిన కాకిఱెక్కకు పుల్లలు కట్టుటలో నంత నేర్పరి మఱియొకడు లేడు. అతడు మమ్ము తన యింటనే దింపుకొని అశ్వశాల యంతయు చూపెను. ఆ రాత్రి రెండు గోడిగ లీనినవి. రెండు పిల్లలును మంచి పుష్టిగలవి. పుట్టిన గంటలోపల లేచి నిలువవలెను, రెండు గంటలలోపల పాలు కుడువవలెను, మూడు గంటలలోపల తల్లికి మాయ పడవలెను అని అచ్చటివారి లెక్క. రెండును ఆ లెక్క తప్పలేదు. తెల్లవాఱునప్పటికి ఎండుగడ్డిలో గంతులు వేయుచుండెను. సాయంకాలమునకు మా శిష్యుడు సూదులును గాజుగొట్టములును తీసికొని బయలుదేరగా, ఆ శాలలో ముప్పదియేండ్లుగ పనిచేయుచున్న ముసలి సాయీసు నవ్వి, పిల్ల పదిమాఱులు త్రాగినదనియు, తన కన్నులార చూచితిననియు, ఇక దానిని పొడువనేలయనియు అనెను.

మా శిష్యుడతనిని గౌరవముతోనే సమాధానపఱచి, మావైపు తిరిగి యిట్లనెను: "తాత అబద్ధం చెప్పడు మాస్టారూ. పిల్ల తాగిందన్నది నిజమే. కాని తాగిన పాలలో సరుకుందో లేదో, ఉన్న సరుకు నెత్తురులోకి దిగిందో లేదో తాత కళ్ళకీ కనపడదు, నా కళ్ళకీ కనపడదు. అందుకే ఈ గొట్టాలు."

రెండు పిల్లల మెడనరములనుండియు కొంచెము కొంచెము రక్తము తీసి, యంత్రములో త్రిప్పి, పైతేటను వేఱుచేసి, ఒక్కొక్క గొట్టములో అరమిల్లీలీటరు పోసెను. దానిలో గ్లుటరాల్డిహైడ్ అను మందు చుక్క కలిపి గడియారమును ముందు పెట్టుకొనెను. ప్రతిరక్షకములు చాలినన్ని యున్నచో ఆ తేట 10 నిమిషములలో గడ్డకట్టును. అట్లయిన ఒక్కొక్క డెసిలీటరున 800 మిల్లీగ్రాములకు తక్కువ లేవని యర్థము. గడ్డకట్టుటకు పదినిమిషములు దాటి గంటవఱకు పట్టినచో 400 కును 800 కును నడుమ నున్నట్లు. గంట దాటినను కట్టనిచో 400 కైన చాలవు. పిల్లకు కవచము లేనట్లే. వెనుకటి కాలమున జింకు సల్ఫేటు నీటిలో రక్తరసమును కలిపి, అది యెంత మబ్బుగ మాఱునో చూచి నిర్ణయించెడివారట. నేడు గుఱ్ఱపుగదిలోనే రంగుచుక్కను సరిపోల్చి కొలదినిమిషములలో తెలిసికొను పరీక్షపెట్టెలును వచ్చినవి. మా శిష్యుడు వానినెఱుగును గాని, గొట్టములవలన మాకెక్కువ తెలియునని యా పద్ధతినే చూపెను.

మొదటి గొట్టము ఏడవనిమిషమున గడ్డకట్టెను. వంచినను కదలలేదు. రెండవది పదినిమిషములకును నీరువలెనే యుండెను. అరగంటకును అట్లేయుండెను. గంట కొట్టినది, గొట్టమును వంచగా తేట యొకవైపునుండి మఱియొకవైపునకు జారెను. అప్పుడు రాత్రి కావలి యున్నవానిని పిలిచి యడుగగా, ఆ గోడిగకు ఈనుటకు రెండుదినములముందే పాలు చుక్కలుచుక్కలుగ కారి వెనుకకాళ్ళమీద తెల్లగ నెండియుండెనని చెప్పెను. ముర్రుపాలు ఒకమాఱే యూరునట్టివి. కారిపోయిన వెనుక మరల నూరవు. పిల్ల పదిమాఱులు త్రాగినది మామూలు పాలను. ఇట్లు ముందే కారిపోవుట యొక కారణము మాత్రమే. పాలు పలుచనివగుట, పిల్ల నీరసముతో ఆలసించి లేచుట, తల్లి కుడువనీయకుండుట, ప్రేవులు సరిగ గ్రహింపకుండుట మొదలగు కారణములు పెక్కులున్నవి. ఇట్లు రక్షణ చాలని పిల్లలు నూటికి 3 మొదలు 20 కి పైవఱకు ఉన్నట్లు వేర్వేఱు తావుల పరిశీలనలలో తేలినది.

పుట్టి కొలదిగంటలే యయియుండినచో మఱియొక గోడిగ ముర్రుపాలను గొట్టముతో కడుపులోనికి పంపియుందురు. అందుకొఱకే మంచి పాలుగల గోడిగనుండి, దాని పిల్ల మొదట త్రాగిన వెనుక, పావులీటరు పిండి మంచుపెట్టెలో నొక సంవత్సరమువఱకు దాచుదురు. వాడునప్పుడు గోరువెచ్చని నీటిలో కరగింతురే గాని కాచరు; కాచినచో లోని సత్తువ చచ్చును. పాల మంచితనమును తెలిసికొనుటకును సాధనమున్నది. రిఫ్రాక్టోమీటరను చిన్న దుర్బీనుపై ఒక చుక్క వేసి చూచిన, బ్రిక్స్ కొలతపై 20 దాటినవి మంచివి, 30 దాటినవి మిక్కిలి మంచివి. కాని యా సాయంకాలమునకు ద్వారము మూసికొనుచుండెను. మిగిలిన మార్గమొకటే. ఆరోగ్యముగల మఱియొక గుఱ్ఱమునుండి ముందుగ తీసి గడ్డకట్టించి యుంచిన ప్లాస్మాను కరగించి రెండు లీటర్లు మెల్లమెల్లగ రక్తనాళములోని కెక్కించిరి. ముసలి సాయీసే పిల్ల తలను తన యొడిలో పెట్టుకొని కూర్చుండెను. మఱునాటి పరీక్షలో తేట ఇరువదవ నిమిషమున గడ్డకట్టెను. కవచము పూర్తిగ కాకున్నను ప్రాణమునకు చాలినంత చిక్కినదని మా శిష్యుడు సంతోషించెను. ఆ పిల్ల ఇప్పుడు పెద్దదై పరుగునకు తయారగుచున్నదని మొన్న వ్రాసినాడు.

ఆ రాత్రి భోజనమువేళ నతడు మఱియొక సంగతి చెప్పెను. అతడు పనిలో చేరుటకు ముందు వేఱొక శాలలో, చూచుటకిట్టిదే యగు నొక పిల్ల పుట్టినదట. హుషారుగ నున్న పిల్లకు పరీక్షయేల, వృథావ్యయమేలయని యజమాని మాన్పించెనట. ఐదవనాడు మోకాలు వాచెను. బొడ్డుదారిని దూరిన సూక్ష్మజీవులు రక్తములో నెక్కి కీళ్ళలో దిగినవి. తొమ్మిదవనాడు పిల్ల చచ్చెను. "మొదటినాడు రెండూ ఒక్కలాగే గెంతుతాయి మాస్టారూ. తేడా వారానికి తెలుస్తుంది. అప్పటికి చేసేదేం ఉండదు" అని యతడు తల వంచుకొని కంచములోనికి చూచెను.

ఉపాధ్యాయవృత్తిలో నిరువదేండ్లు గడపిన మాకు ఈ మాట యితర విషయములయందును జ్ఞప్తికి వచ్చుచునేయున్నది. పాఠములు పూర్తియైనవని పట్టికలో వ్రాయుదురు. పుస్తకములు పంచబడినవని లెక్క చూపుదురు. ఇన్ని సభలు జరిగినవి, ఇంతమంది వినిరని సంఘములు నివేదికలు చదువును. ఇవన్నియు సాయీసు సాక్ష్యమువంటివి. అసత్యములు గావు, పరీక్షయు గావు. ఇచ్చినదెంతయో చెప్పును గాని చేరినదెంతయో చెప్పవు. సంస్కారమును కోరువారు ఇచ్చినవానిని లెక్కించి తృప్తిపడక, చేరినదానిని చూచుటకు సాహసింపవలయును. ఫలితము మన కిష్టము గాకపోవచ్చును. గొట్టము గంటకును గడ్డకట్టకపోవచ్చును. అయినను వేళకు తెలిసిన చెడువార్త మేలే. చేయదగిన పని యింకను మిగిలియుండును.

న్యాయము కొఱకు ఇచ్చట నొక్క యపవాదమును చెప్పవలయును. కొన్ని గోడిగల రక్తములో పిల్ల యెఱ్ఱకణములనే చంపు ప్రతిరక్షకములు పుట్టుచుండును. తండ్రి రక్తపువర్గము పిల్లకు వచ్చి, తల్లికది లేనప్పుడిట్లు జరుగును. కంచరగాడిద పిల్లలలో నిది మఱింత తఱచు. అట్టి పిల్లకు తల్లి ముర్రుపాలే విషమగును. తల్లి రక్తమును ముందుగ పరీక్షించి తెలిసికొన్నచో, పిల్ల మూతికి బుట్ట కట్టి ఒకటి రెండుదినములు దూరముంచి, వేఱొక గోడిగ ముర్రుపాలు పట్టుదురు. మొదటిపాలు చెడ్డవను మాటకు లోకములో నాధారమున్న సందర్భ మిట్టిది. కాని దానినికూడ నూహతో గాక పరీక్షతోనే నిర్ణయింపవలయును. అప్పుడును వానికి బదులు నీళ్ళు పోయరు, మఱియొక తల్లి ముర్రుపాలే పోయుదురు.

ఇక మన కొట్టములలోనికి వత్తము. గేదె యీనినప్పుడు మాయ పడువఱకు దూడను పొదుగు దగ్గఱకు రానీయరాదను నియమము పెక్కు గ్రామములలో నున్నది. మాయ గంటలతరబడి పడకపోవచ్చును. ఆ గంటలే దూడకు ముఖ్యమైనవి. పైగా దూడ కుడుచుటవలన తల్లి గర్భసంచి ముడుచుకొని మాయ త్వరగ పడుటకే సాయమగును. కావున నియమము రెండువిధముల నష్టమే. దూడ తూకములో పదవవంతు ముర్రుపాలు మొదటి కొన్ని గంటలలోనే దాని కడుపున పడవలయును. 25 కిలోల దూడకు రెండున్నర లీటర్లు. అందు సగము మొదటి రెండు గంటలలోపలనే పడిన మంచిది. జున్నునకు రెండవ, మూడవ పూటల పాలు మిగులును, అవియు గడ్డకట్టును. దూడ ముందు, జున్ను తరువాత. ఈ క్రమము మాఱినంతమాత్రమున నే యింటి మర్యాదయు తగ్గదు.

మనుష్యశిశువు సంగతి కొంత భిన్నమని ముందే చెప్పితిమి. ఆ భిన్నతనే ఆధారముగ గొని మాతో వాదించినది మా మేనత్తగారు. కిందటియేడు మా చెల్లెలి కూతురు పురిటికి మా యింటికి వచ్చినది. ఆసుపత్రిలో బిడ్డ పుట్టగనే నర్సు తల్లి రొమ్మున పెట్టబోగా, మా అత్తగారు అడ్డుపడి, "ఆ పచ్చటిపాలు పిండి పారెయ్యండి. మూడోనాటికి మంచిపాలు పడతాయి. అందాకా గాడిదపాలు తెప్పిస్తాను. మా పిల్లలంతా అలాగే పెరిగారు" అనినది.

"అత్తయ్యా, మీ చేతిమీదుగా ఎన్ని దూడలు పెరిగాయి! ముర్రుపాలు పట్టకుండా ఒక్కదాన్ని పెంచారా?" అని మేమడిగితిమి.

"పట్టకపోతే బతుకుతుందిరా? పారుడు పట్టి పోతుంది."

"మరి మన పసివాడో?"

ఆమె తడుముకొనలేదు. "గేదె గేదే, బిడ్డ బిడ్డే. పాలు పట్టని దూడ వారానికి పోయింది. పాలు పిండేసిన బిడ్డలు, ఇదిగో, నీలాగా నిక్షేపంలా పెరిగారు. కళ్ళముందర కనపడుతుంటే ఇంకా శాస్త్రమేమిటి?"

ఈ వాదము తేలికగ త్రోసివేయదగినది కాదు. ఆమె చూచినది యథార్థము. మనుష్యశిశువునకు రక్తములోని రక్షణ గర్భముననే చాలవఱకు చేరును. అందువలన ముర్రుపాలు లేకపోయినను గుఱ్ఱపుపిల్లవలె వెంటనే కూలడు. మన ముర్రుపాలలోని ప్రతిరక్షకములు ముఖ్యముగ రక్తమునకు పోక ప్రేవులలోనే నిలిచి, వాని గోడలకు పూతవలె కాపలాయుండును. ఆ కాపలా లేనినాడు కలుగు విరేచనములు, జ్వరములు వారములు గడచిన వెనుక రావచ్చును. అప్పుడు దిష్టి తగిలినదందుము, నీరు పడలేదందుము. మొదటి మూడుదినముల మాట యెవరికిని జ్ఞప్తికి రాదు. గుఱ్ఱపుశాలలో తప్పునకు శిక్ష వారములో వచ్చును గనుక అచ్చట నాచారము దిద్దుకొనినది. మన యింట శిక్ష ఆలసించియు, కొందఱికే, మాఱుపేరుతో వచ్చును గనుక ఆచారము నిర్దోషివలె తిరుగుచున్నది. బ్రదికినవారు తాము సాక్షులమని ముందుకు వత్తురు. పోయినవారు వచ్చి సాక్ష్యము చెప్పలేరు. గాడిదపాలు కూడ నిట్లే. అవి గాడిదపిల్లకు పుట్టినవి. ఊరూర త్రిప్పి, అపరిశుభ్రపు గిన్నెలో పిండిన యా పాలవలన బిడ్డకు క్రొత్తరోగము రావచ్చునే గాని తల్లి ముర్రుపాలు చేయు కాపలా రాదు.

ఈ మాటలన్నియు చెప్పితిమి. ఆమె వినినది గాని కరగలేదు. తుదకు, "శాస్త్రాలు చదివావు గదా, మన పెద్దలేమన్నారో చెప్పు" అనినది. ఉన్నదున్నట్లు చెప్పితిమి. సుశ్రుతుడు స్త్రీలకు మూడు నాలుగు రాత్రుల పిమ్మట పాలు ప్రవర్తించునని చెప్పి, అంతవఱకు తేనెయు నెయ్యియు విధించినాడు. మన యాచారమునకా మాటయే మూలము గావచ్చును. చరకుడట్లనలేదు. జాతకర్మలో తేనె నేతులను నాకించిన వెంటనే తల్లి కుడిరొమ్ము పట్టవలెననినాడు. ఇరువురును మనవారే, ఇరువురిలో నేటి వైద్యము నిజమని చూపినది చరకుని మాటను. ఇది వినగనే మా అత్తగారి ముఖము విప్పారెను. "ఆ ముక్క మొదలే చెప్పకపోయావా!" అనుచు తానే ముందునకు వచ్చి, బిడ్డ తలను తన చేతితో నానించి, "కుడివైపు, ముందు కుడివైపు" అని నర్సుకే నేర్పసాగెను. అంతలో తేనె మాట జ్ఞప్తికి వచ్చి మావైపు చూచెను. తేనెలో నుండగల కొన్ని సూక్ష్మజీవబీజములు పసిప్రేవులలో మొలకెత్తి ప్రాణాపాయము చేయవచ్చుననియు, ఏడాది నిండువఱకు వలదని వైద్యులందురనియు చెప్పితిమి. ఆమె కొంచెమాలోచించి, "సరే, తేనె మీరు నాకండి. వాడికి పాలు పట్టండి" అనినది. గది యంతయు నవ్వినది. పుట్టి నలువది నిమిషములైనను కాలేదు. బిడ్డ గుటకలు వేయుచుండెను.

పెద్దవారిని ఓడించి సంస్కారమును గెలిపింపవలెనను పట్టుదల మనలో కొందఱికున్నది. మా యనుభవములో నది తఱచుగ బిడ్డకే నష్టము. మా అత్తగారికి దూడలను గూర్చి తెలిసిన జ్ఞానము మా పుస్తకజ్ఞానముకంటె తక్కువది గాదు; దానిని పురిటిగది గడపదాటించుటయే మిగిలిన పని. ఆమె యిప్పుడు మా వీథిలో ఎవరింట పురుడైనను ముందుగ పోయి, "ముర్రుపాలు పట్టారా?" అని యడుగుచున్నది. మా యుపన్యాసములు పది కలిసి యంత పని చేయజాలవు.

మనుష్యశిశువులకు గుఱ్ఱపుపిల్లలకువలె రక్తము తీసి గడియారము పెట్టి చూడనక్కఱలేదు. బిడ్డ మొదటి గంటలోపల తల్లిపాలు త్రాగవలెనని నేటి వైద్యులందఱు నేకగ్రీవముగ చెప్పుచున్నారు. కొన్నియెడల శస్త్రచికిత్సవలన తల్లి మత్తులో నుండవచ్చును. బిడ్డ నెల తక్కువవాడు కావచ్చును. అప్పుడును పాలను పిండి చెంచాతో పట్టవచ్చునా యని వైద్యుని అడుగుట మన విధి. అయినను ఎవరో పట్టినారులెమ్మను నమ్మకముతో గంటలు గడచిపోవుచుండును. దీనికొక సులభోపాయము తోచుచున్నది. బిడ్డ పుట్టగనే జాతకమునకై ఆ సమయమును నిమిషములతో సహా కాగితముపై వ్రాసికొనని యిల్లు మనలో నరుదు. ఆ కాగితముమీదనే, పుట్టిన వేళకు క్రిందిపంక్తిలో, మొదటిపాలు త్రాగిన వేళను కూడ వ్రాయుడు. రెండింటికిని నడుమ గంట దాటరాదు.